తెల్లబడిన మెటారైజియం: కోనసీమ కొబ్బరి తోటల నుంచి ఒక కేస్ స్టడీ

కోనసీమలో కొబ్బరి రైతుల సంఘం ఒకటి కొమ్ము పురుగును చంపడానికి సొంతంగా మెటారైజియం అనే శిలీంధ్రాన్ని తయారు చేసుకుంటోంది. చిన్న యూనిట్: ఒక ఆటోక్లేవ్, ఒక లామినార్ బల్ల, బియ్యం నింపిన పాలీప్రొపిలీన్ సంచులు పేర్చే ఒక గది. మొదట్లో బాగానే నడిచింది. తర్వాత రైతుల నుంచి ఒకటే మాట. "పెంటపోగులో కలిపామండి, తవ్వి చూస్తే పిల్లపురుగులు లావెక్కి తిరుగుతున్నాయండి." యూనిట్‌లో పనిచేసే కుర్రాడి బాధ వేరు. సంచులు పచ్చబడటం లేదు (ఆ పచ్చదనమే శిలీంధ్ర బీజాలు, అంటే స్పోర్లు, కట్టిన గుర్తు), బూజు తెల్లగా దూదిలా అల్లుకుని అక్కడే ఆగిపోతోంది. ఈ రెండూ ఒకే జబ్బా, వేర్వేరా అన్నది తేల్చమని నన్ను పిలిచారు.

కొమ్ము పురుగు సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పెద్ద పురుగు కొబ్బరి మొవ్వులోకి తొలుచుకుపోతుంది, ఆ మొవ్వు విచ్చుకున్నాక కమ్మల మీద వి ఆకారపు కోతలు కనిపిస్తాయి. గుడ్లు మాత్రం చెట్టు మీద పెట్టదు. పెంటపోగుల్లో, పుచ్చిపోయిన కొబ్బరి మోడుల్లో పెడుతుంది. పిల్లపురుగు నెలల తరబడి ఆ ఎరువులోనే బతుకుతుంది. అందుకే మెటారైజియాన్ని చెట్టుకు కొట్టరు, పోగులో కలుపుతారు. అక్కడ తడి ఉంటుంది, ఎండ తగలదు. శిలీంధ్రానికి అంతకంటే మంచి చోటు తోటలో దొరకదు. అసలు ఈ శిలీంధ్రం మనిషి కంట్లో పడిందే ఇలాంటి పెంకు పురుగు పిల్లల మీద. 1879లో ఒడెస్సాలో మెచ్నికోవ్ గోధుమ పంటను పాడుచేసే పురుగు మీద దీన్ని చూసి, పురుగుల నివారణకు వాడొచ్చని ప్రతిపాదించాడు.

ముందు లెక్క చూశాం

ఇలాంటి ఫిర్యాదు వస్తే చాలామంది నేరుగా కల్చర్ మీద, అంటే ట్యూబుల్లో పెంచి దాచుకునే మూల శిలీంధ్రం మీద, పడతారు. నేను మోతాదుతో మొదలుపెడతాను, ఎందుకంటే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. పురుగు పెరిగే చోట ఘనపు మీటరుకు 5×10¹¹ బీజాలు పడాలన్నది కొబ్బరిలో ఎప్పటి నుంచో ఉన్న సిఫారసు. మార్కెట్‌లో దొరికే 1.15 శాతం పొడిమందు మీద గ్రాముకు కనీసం 1×10⁸ సీఎఫ్‌యూ (మొలిచి కాలనీ కట్టగల బీజాల లెక్క) అని రాసి ఉంటుంది. భాగించి చూడండి, ఘనపు మీటరుకు 5 కిలోలు వస్తుంది. మన రైతులు బండెడు పోగుకు కిలో కలిపి, పురుగు చావలేదంటారు. సంఘం యూనిట్‌లో బియ్యం మీద పెంచిన సరుకు బాగా కుదిరినప్పుడు పొడిమందు కంటే చాలా చిక్కగా ఉండేది కాబట్టి తక్కువ తూకంతో సరిపోయేది. ఇప్పుడు అదే తూకంలో బీజాలు లేవు. అంటే ఫిర్యాదులో కొంత భాగం వట్టి అంకగణితమే. కానీ మొత్తం కాదు. ఎందుకో చెబుతాను.

మామూలుగా వచ్చే అనుమానాలను వరసగా తీసేశాం. కలుషితం కాలేదు. తెల్లటి బూజును తీసి పెంచితే వేరే శిలీంధ్రం ఏదీ రాలేదు. జాతి నిర్ధారణకు ఒక ముక్కను బయటి ల్యాబ్‌కు పంపాం, మెటారైజియమే అన్నారు. ఈ సందర్భంలో ఒక మాట. ఐటీఎస్ అనే డీఎన్‌ఏ ముక్క ఒక్కటి చదివించి జాతి తేలిందనుకోవద్దు. మెటారైజియంలో దగ్గరి జాతులను అది విడదీయలేదు, ఈఎఫ్-1 ఆల్ఫా జన్యువు చదివించాలి. గది ఉష్ణోగ్రత కాస్త ఎక్కువే. మెటారైజియానికి 25 నుంచి 30 డిగ్రీలు హాయి, 35 దాటితే నీరసిస్తుంది. అయితే చల్లటి నెలల్లో వేసిన సంచులు కూడా తెల్లగానే ఉన్నాయి. కాబట్టి వేడి దోషం ఉంటే ఉండొచ్చు, అసలు దోషి మాత్రం అది కాదు.

ప్లేటులో కనిపించింది

యూనిట్‌లో వాడుకలో ఉన్న ట్యూబు నుంచి ప్లేట్ల మీద గీశాం. పక్కనే, మొదట్లో తెచ్చిన అసలు ట్యూబు నుంచి కూడా. దాన్ని ఎవరో పుణ్యాత్ముడు లిక్విడ్ పారఫిన్ పోసి ఫ్రిజ్ మూలన దాచాడు. ఈ కేసులో నాకు దొరికిన అదృష్టం అదొక్కటే. పోల్చి చూడటానికి పాత రూపం చేతిలో లేకపోతే "పాడైంది" అన్న మాటకు అర్థమే ఉండదు.

పాత ట్యూబు నుంచి వచ్చిన కాలనీ మొదట తెల్లగా మొదలై, మధ్య నుంచి పసుపు తిరిగి, తర్వాత ముదురు ఆకుపచ్చ అయింది. మూత తీసి వేలితో తడితే పచ్చటి పొడి రాలింది. వాడుకలోని ట్యూబు నుంచి వచ్చిన కాలనీల్లో చాలావాటికి ఒక పక్క పచ్చగా, ఇంకో పక్క మధ్య నుంచి అంచు దాకా తెల్లటి చీలిక. దీన్నే సెక్టార్ అంటాం. ఆ తెల్ల భాగం అంచు పచ్చ భాగం కంటే ముందుకు సాగి ఉంది. మైక్రోస్కోప్ కింద పచ్చ భాగంలో ఫియాలైడ్ల (బీజాలు పుట్టే కణాల) కొసన బీజాలు వరసలు వరసలుగా, ఒకదానికొకటి అతుక్కుని నిలువుగా నిలబడ్డాయి. తెల్ల భాగంలో పొడుగ్గా పెరిగిన తంతువులు, అక్కడక్కడ కొమ్మలు, అంతే. బీజం కోసం స్లైడంతా వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ తెల్ల ముక్కను విడిగా తీసి పెంచితే మళ్లీ తెల్లగానే వచ్చింది. తిండి మార్చాం, వెలుతురు మార్చాం, పచ్చబడలేదు. అంటే ఇది తాత్కాలికంగా ముడుచుకోవడం కాదు, వంశపారంపర్యంగా దిగిపోయిన మార్పు.

మెటారైజియంలో సెక్టార్లు రావడం కొత్తేమీ కాదు. 2005లో వాంగ్, బట్, సెయింట్ లెజర్ ప్రచురించిన పరిశోధనలో ఈ తెల్ల చీలికల్లో ముసలితనం లక్షణాలు కనిపించాయి. బీజాలు తగ్గడం, డెస్ట్రక్సిన్ విషాలు తగ్గడం, ఆక్సీకరణ ఒత్తిడి జాడలు. మాలాంటి వాళ్లకు తేలిగ్గా అర్థమయ్యే మాటలో చెప్పాలంటే, ప్లేటు మీద హాయిగా తిని బతికే శిలీంధ్రం బీజాలు కట్టే శ్రమ మానేసిన రూపాన్ని మోసుకుపోతుంది. దాన్ని పెంచి పోషించేది మన చెయ్యే. ప్రతిసారీ లూప్‌తో కాలనీ అంచు నుంచి ముక్క తీసి కొత్త ట్యూబులో పెడతాం. అంచున ముందుకు సాగి ఉన్నదెవరు? ఆ తెల్ల రూపమే. ట్యూబు నుంచి ట్యూబుకు మార్చిన ప్రతిసారీ మనకు తెలియకుండానే దానికి ఓటేస్తున్నాం.

పచ్చటి భాగం కూడా చంపలేదు

ఇక్కడిదాకా అయితే ఇది మామూలు కేసే. పచ్చ భాగాన్ని ఏరుకుని సంచులు వేసుకోండి అని చెప్పి వచ్చేయొచ్చు. సంఘం పెద్ద ఒకాయన కూడా అదే అన్నాడు. "పచ్చగా ఉన్నదాన్ని తీసి వేసుకుంటే సరిపోతుంది కదండీ?" పరీక్షించి చూద్దామన్నాను.

ఎరువు నింపిన ట్రేలలో పిల్లపురుగులను పెట్టాం. ఒక ట్రేకు పాత ట్యూబు బీజాలు, ఒకదానికి వాడుక ట్యూబులోని పచ్చ భాగం బీజాలు, ఒకదానికి వట్టి నీళ్లు, ట్వీన్ (బీజాలు నీళ్లలో కలిసేందుకు వాడే సబ్బులాంటి ద్రవం). హీమోసైటోమీటర్ అనే గళ్ల స్లైడు మీద లెక్కపెట్టి రెండు బీజద్రావణాలనూ ఒకే సాంద్రతకు తెచ్చాం. మొలక శాతం కూడా దాదాపు సమానమే. పాత ట్యూబు ట్రేలో పురుగులు మందగించి, గోధుమ మచ్చలు తేలి, బిగుసుకుపోయి, చివరికి కీళ్ల దగ్గర తెల్లటి బూజు పొడుచుకొచ్చి పచ్చబడ్డాయి. రెండో ట్రేలో చావు ఆలస్యమైంది, కొన్ని చావనే లేదు. చచ్చినవాటిలోనూ కొన్ని నల్లబడి కుళ్లాయి. శిలీంధ్రం చంపిన పురుగు గట్టిపడుతుంది. కుళ్లిందంటే బాక్టీరియా ముందు చేరిందన్నమాట.

ఇదే ఈ కేసులో అసలు విషయం. బీజాల లెక్క సరిపోయింది, మొలక సరిపోయింది, రంగు సరిపోయింది. చంపే శక్తి మాత్రం తగ్గింది. సరుకు నాణ్యత అంటే సీఎఫ్‌యూ ఒక్కటే అనుకునే చోట ఈ లోపం ఎన్నటికీ బయటపడదు.

లోపల ఏం జరుగుతుంది

బీజం కట్టడం, పురుగును చంపడం అనే రెండు పనుల వెనుక ఉన్న జన్యువులు కొంతమేర వేరు, కొంతమేర ఒకటే. ముందు వేరుగా ఉన్నవి.

బీజం పురుగు చర్మం మీద పడగానే అతుక్కోవాలి. మెటారైజియంలో మ్యాడ్1 అనే ప్రొటీన్ పురుగు చర్మానికి అతికిస్తుంది, దాని జోడు మ్యాడ్2 మొక్క వేళ్లకు. తర్వాత మొలక కొసన అప్రెసోరియం అనే ఉబ్బు కట్టి, లోపలి కొవ్వును కరిగించి ఒత్తిడి పెంచుకుని చర్మంలోకి దిగుతుంది. ఆ కొవ్వు బిందువులను చూసుకునేది ఎంపీఎల్1 అనే జన్యువు. అదే సమయంలో పీఆర్1 అనే ప్రొటీన్ కోసే ఎంజైమును కుమ్మరిస్తుంది. రక్తంలోకి చేరాక కథ మారిపోతుంది. తంతువులు వదిలి విడివిడి కణాలుగా ఈదుతుంది. రక్తం తగిలిన 20 నిమిషాల్లోనే ఎంసీఎల్1 అనే జన్యువు మేలుకుని కణం చుట్టూ ఒక పొర కప్పుతుంది. దాంతో పురుగు రక్తకణాలు దీన్ని శత్రువుగా గుర్తుపట్టలేవు. ఈ జన్యువును తీసేసిన శిలీంధ్రం మీద రక్తకణాలు వెంటనే విరుచుకుపడ్డాయని 2006లో చూపించారు.

వీటిలో మన యూనిట్‌కు సూటిగా తగిలేది పీఆర్1. చుట్టూ తేలిగ్గా దొరికే చక్కెర ఉంటే ఈ జన్యువు అణిగి ఉంటుంది. తిండి కరువైనప్పుడు మేలుకుంటుంది. ఇంగితం ప్రకారం చూసినా సరైనదే, అన్నం ముందున్నవాడు గోడ ఎందుకు తవ్వుతాడు? తిండిలో కర్బనం, నత్రజని పాళ్లను బట్టి బీజాల చంపే శక్తి మారుతుందనీ, బీజం పైనే అంటుకుని ఉండే పీఆర్1 మోతాదు నాణ్యతకు మంచి గుర్తనీ 2005లోనే తేలింది. మన యూనిట్‌లో ట్యూబులన్నీ చక్కెర దండిగా ఉన్న పీడీఏ అనే అగార్ తిండి మీదే, సంచులన్నీ మెత్తగా ఉడికిన బియ్యం మీదే. తరాల తరబడి ఈ శిలీంధ్రం పురుగు మొహం చూడలేదు. పురుగు లోపల పనికొచ్చే జన్యువుల్లో ఏదైనా చిన్న లోపం వచ్చినా, దాన్ని ఏరి పారేసే జల్లెడ ప్లేటు మీద లేదు.

ఇక బీజాలు కట్టే వైపు. ఆస్పర్జిలస్ అనే బూజు మీద దశాబ్దాల పనితో తేలిన మూడు జన్యువుల వరస ఉంది. బ్రిల్‌ఏ మొదలుపెడుతుంది, అబాఏ మధ్యలో అందుకుంటుంది, వెట్‌ఏ బీజాన్ని పక్వానికి తెస్తుంది. వెలుతురు, గాలి, తిండి అయిపోవడం వంటి సంకేతాలు పైనుంచి వచ్చి బ్రిల్‌ఏను తడతాయి. కీటకాలను చంపే శిలీంధ్రాల్లో ఈ వరసను బాగా తవ్వింది చైనాలో హాంగ్‌జౌ నగరంలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు, బవేరియా అనే శిలీంధ్రం మీద. వెట్‌ఏ తీసేస్తే బీజాల దిగుబడి దాదాపు పూర్తిగా పడిపోయింది, వచ్చిన కొద్దిపాటి బీజాలూ నాసిరకంగా ఉన్నాయి. బ్రిల్‌ఏ లేదా అబాఏ తీసేస్తే బీజాలే లేవు.

అక్కడితో ఆగితే ఇది వట్టి బీజాల యంత్రం అనుకునేవాళ్లం. 2019లో అదే బృందం ఇంకో సంగతి చూపింది. బ్రిల్‌ఏ, అబాఏ లేని బవేరియా పురుగు రక్తంలో విడి కణాలుగా మారడం కూడా మానేసింది, చంపే శక్తీ పోయింది. అంటే చచ్చిన పురుగు మీద బీజాలు కట్టించే స్విచ్చే, బతికున్న పురుగు లోపల రూపం మార్చుకోవడానికీ కావాలి. రెండు పనులు కలిసేది ఇక్కడ. తెల్లబడిన కల్చర్‌ను చూసి "బీజాలు తక్కువ, ఇంకాస్త ఎక్కువ వేద్దాం" అని సర్దుకోవడం ఎందుకు పనికిరాదో ఇది చెబుతుంది. పచ్చదనం తగ్గడం మొదలైన చోట చంపే శక్తి మీద కూడా అనుమానపడాలి. పచ్చగా ఉన్నంత మాత్రాన చంపుతుందన్న నమ్మకమూ లేదు, చంపే వైపు జన్యువులు వేరుగా దెబ్బతినొచ్చు కాబట్టి.

ఇక్కడే ఇంకో చిక్కు. చంపే శక్తిని ఒక్కదాన్నే పెంచితే మేలేనా? 1996లో సెయింట్ లెజర్ బృందం పీఆర్1 జన్యువును ఎప్పుడూ మేలుకునే ఉండేలా మార్చి, పొగాకు మీద వాలే మాండ్యూకా పురుగులకు పట్టించింది. పురుగులు 25 శాతం ముందే చచ్చాయి. కానీ ఆ కళేబరాలు నల్లబడి, వాటి మీద శిలీంధ్రం సరిగా పెరగలేదు, బీజాలూ సరిగా కట్టలేదు. పెంటపోగులో మనకు కావాల్సింది ఒక పురుగు చావు కాదు. అది చచ్చి, పచ్చబడి, పక్కనున్నవాటికి అంటించాలి. నెమ్మదిగా చంపినా దండిగా బీజాలు కట్టే రకమే ఈ పనికి నయం అని నా అభిప్రాయం. విత్తిన వారంలో ఫలితం అడిగే రైతుకు ఇది చెప్పి ఒప్పించడం వేరే విద్య.

చేసిన వైద్యం

వాడుకలోని ట్యూబులన్నీ ఆటోక్లేవ్ చేసి పారేయించాను. కుర్రాడికి ప్రాణం ఒప్పలేదు, "ఒకటైనా ఉంచుదామండి" అన్నాడు. ఒకటి ఉంచితే మళ్లీ అదే వాడుకలోకి వస్తుంది.

పాత ట్యూబు బీజాలను పిల్లపురుగుల మీద వేసి, చచ్చినవాటిని హైపోక్లోరైట్‌లో ముంచి కడిగి, తడి కాగితం మీద మూతపెట్టి ఉంచాం. పచ్చబడ్డాక ఆ బీజాలను క్లోరాంఫెనికాల్ కలిపిన ప్లేటు మీద పలచగా పరిచి, ఒక్కొక్క బీజం నుంచి ఒక్కొక్క కాలనీ తీశాం. వాటిలో సెక్టార్ వేసినవాటిని అప్పటికప్పుడే తీసేశాం. మిగిలినవాటిని మళ్లీ పిల్లపురుగుల మీద పరీక్షించాం. సంఘానికి ఈ మెట్టు అనవసరపు ఖర్చులా అనిపించింది కానీ, పురుగు మీద నిరూపించుకోని ఐసోలేట్‌ను (విడిగా తీసిన వంశాన్ని) మాస్టర్ కల్చర్, అంటే అన్నిటికీ మూలం, అనడం నాకు సమ్మతం కాదు.

పురుగులోంచి ఒకసారి నడిపిస్తే అంతా బాగైపోతుందన్న నమ్మకం మన యూనిట్లలో గట్టిగా ఉంది. అది సగమే నిజం. కల్చర్‌లో మంచి, చెడు కేంద్రకాలు కలిసి ఉంటే పురుగు జల్లెడలా మంచివాటిని ఏరి ఇస్తుంది. అణిగి ఉన్న జన్యువులు మళ్లీ మేలుకోవచ్చు. కానీ జన్యువే విరిగి ఉంటే పురుగు దాన్ని అతికించదు. ఈ కేసులో వాడుక ట్యూబులోని పచ్చ భాగాన్ని కూడా పురుగులోంచి నడిపించి చూశాం. కొంత కోలుకుంది, పాత ట్యూబుకు సాటి రాలేదు, పైగా కొన్ని మార్పిడులకే మళ్లీ తెల్ల చీలిక వేసింది. జన్యుక్రమం చదివిస్తే ఎక్కడ తెగిందో కనిపించేది. యూనిట్‌కు ఆ ఖర్చు దండగ, పాత ట్యూబు ఉంది కనుక.

ఎంచుకున్న ఐసోలేట్ బీజాలను సిలికా జెల్‌తో ఆరబెట్టి, చిన్న చిన్న ట్యూబుల్లో సీలు చేసి, రెండు వేర్వేరు ఊళ్లలో రెండు ఫ్రిజ్‌లలో పెట్టించాం. మాస్టర్ నుంచి వర్కింగ్, వర్కింగ్ నుంచి సంచి. వెనక్కి దారి లేదు. సంచిలోంచి మళ్లీ ట్యూబు తియ్యడం నిషేధం. ట్యూబు మార్చాల్సి వస్తే అంచు తంతువులు కాదు, మధ్యనున్న పొడి బీజాలే తీయాలి. వర్కింగ్ ప్లేట్లకు చక్కెర తగ్గించి, సంచుల గదిలో ట్యూబులైటు వెలిగించి ఉంచమన్నాను. వెలుతురులో పెరిగిన మెటారైజియం బీజాలు అల్ట్రావయొలెట్‌కు, వేడికి ఎక్కువ తట్టుకుంటాయన్నది రేంజెల్ అనే పరిశోధకుడి పనిలో బాగా తేలిన విషయం. ఖర్చు కరెంటు బిల్లు మాత్రమే.

జన్యువులు మార్చిన రకాల గురించి సంఘంలో చదువుకున్న కుర్రాళ్లు అడిగారు. బుర్కినా ఫాసోలో మలేరియా దోమల మీద, సాలీడు విషం జన్యువు చేర్చిన మెటారైజియం పింగ్‌షాయెన్స్‌ను వల కట్టిన ఆవరణలో పరీక్షించి, రెండు తరాల్లో దోమల సంఖ్య కుప్పకూలిందని 2019లో ప్రచురించారు. ఆ విషం పురుగు రక్తం తగిలినప్పుడే తయారయ్యేలా దాన్ని ఎంసీఎల్1 జన్యువు స్విచ్‌కు కట్టారు, తెలివైన పని. మన దేశంలో అలాంటిది పొలంలోకి రావాలంటే జీఈఏసీ (జన్యువులు మార్చిన జీవులను పరిశీలించే కేంద్ర కమిటీ) అనుమతి నుంచి మొదలుపెట్టాలి. దాచిన పాత ట్యూబుతో తేలిపోయే కేసుకు అంత దూరం పోనక్కర్లేదు.

తర్వాత

కొత్త మాస్టర్‌తో వేసిన సంచులు పచ్చబడ్డాయి. పోగులు తవ్వి చూస్తే ఫలితం అన్నిచోట్లా ఒకేలా లేదు. నీడన, తడిగా ఉన్న పోగుల్లో పచ్చగా బిగుసుకుపోయిన పిల్లపురుగులు దొరికాయి. రోడ్డు పక్కన ఎండిపోయిన పోగుల్లో పురుగులు బతికే ఉన్నాయి. అది కల్చర్ తప్పు కాదు, తడి లేకపోతే బీజం మొలవదు. ఆ పోగుల మీద నీళ్లు చల్లి, కొబ్బరి మట్టలు కప్పి, మళ్లీ కలపమన్నాం. ప్రతి లాట్ నుంచి ఒక గుప్పెడు సరుకును పిల్లపురుగుల ట్రేలో వేసి చూశాకే పంపిణీ చేయాలన్న షరతును సంఘం ఒప్పుకుంది. లాట్‌కు రెండు మూడు వారాలు ఆలస్యమవుతుంది, అందుకు గొణుగుతున్నారు.

ఇప్పుడు కొత్త కోరిక మొదలైంది. ఇదే మెటారైజియాన్ని సర్పిలాకార తెల్లదోమ మీద కూడా పిచికారీ చేయొచ్చా అని. వద్దన్నాను. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో మొదట కనిపించి మన తోటల దాకా పాకిన ఆ దోమ ఆకు అడుగున, పొడి గాలిలో ఉంటుంది. ఈ ఐసోలేట్‌ను మనం ఎంచింది ఎరువులో తడిగా ఉండే పెంకు పురుగు పిల్ల మీద. తెల్లదోమకు బెంగళూరులోని కీటక వనరుల జాతీయ సంస్థ ఎన్‌బీఏఐఆర్ వాళ్ల ఇసారియా ఫ్యూమోసొరోసియా అనే శిలీంధ్రపు ఐసోలేట్ ఉంది. అది తెచ్చుకుంటే దానికి వేరే బల్ల, వేరే లూపు, వేరే ఫ్రిజ్ అర కావాలి. ఆ ఖర్చు సంఘం సమావేశంలో ఇంకా తేలలేదు.